కరెంటు పోయాక ల్యాబ్‌లో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను విశాఖ దగ్గర తీరం దాటింది. నగరం రోజుల తరబడి చీకట్లో గడిపింది. అక్కడి ఓ చిన్న ఆసుపత్రిలో పాథాలజిస్టు ముందుగా ఫ్రిజ్ తలుపుకు టేపు అంటించి, కరెంటు పోయిన సమయం దాని మీద రాశారు. తలుపు తీయకపోతే మామూలు ఫ్రిజ్‌లో చల్లదనం సుమారు 4 గంటలు నిలుస్తుంది. 'ఇంకా చల్లగా ఉందా' అని తలొకసారి తెరిచి చూస్తే ఆ కాస్తా పోతుంది.

తర్వాత క్షయ నమూనాలు చూసే గది. "ఒక్క స్లైడే సార్, టార్చి వెలుగులో కానిచ్చేస్తా" అన్నాడు టెక్నీషియన్. డాక్టరు ఒప్పుకోలేదు. బయోసేఫ్టీ క్యాబినెట్‌లో ఫ్యాన్ ఆగితే ముక్కుకూ క్రిములకూ మధ్య అడ్డమే ఉండదు. సీసాల మూతలు బిగించి, అద్దం దించి, అందరినీ బయటికి పంపేశారు. కరెంటు ఎక్కువ వోల్టేజీతో వస్తే కాలిపోకుండా యంత్రాల ప్లగ్గులు కూడా తీయించారు.

అప్పటికే తీసిన రక్తం సంగతి మరీ చిక్కు. ఒక పెద్దాయనకు చక్కెర వ్యాధి, గుండె జబ్బు. ఆయన నమూనా, కణాలను వేరుచేసే సెంట్రిఫ్యూజ్ ఎక్కకుండానే గంటల తరబడి ఉండిపోయింది. మామూలు ట్యూబులో రక్తకణాలు గంటకు 5 నుంచి 7 శాతం గ్లూకోజును ఖర్చు చేసేస్తాయి. కణాల్లోని పొటాషియం సీరంలోకి దిగుతుంది. జనరేటరు మీద ఆ రక్తాన్నే పరీక్షించి ఉంటే చక్కెర తక్కువగా, పొటాషియం ఎక్కువగా కనిపించేవి. ఆ అంకెలు చూసే కదా మందు మార్చేది! అందుకే కొత్త నమూనా కావాలన్నారు డాక్టరు. "మళ్లీ గుచ్చుతారా బాబూ?" అన్నారు పెద్దాయన. కారణం చెప్పాక చెయ్యి చాపారు.

టీకాలకు వేడి ఒక్కటే శత్రువు కాదు. నర్సు ఫ్రీజరులోంచి తీసిన ఐస్ ప్యాకులను నేరుగా కోల్డ్ బాక్సులో పెట్టబోయింది. హెపటైటిస్ బి, పెంటావలెంట్, ధనుర్వాతం టీకాలు ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరావు. ప్యాకుకు చెమట పట్టి, ఊపితే లోపల నీళ్లు కదిలే చప్పుడు వినబడేదాకా ఆగమన్నారు డాక్టరు. టీకా సీసా మీద రంగు మారే చతురస్రం వేడి తగిలిన సంగతే చెబుతుంది, గడ్డకట్టిన సంగతి చెప్పదు. ప్లేట్‌లెట్లనూ ఐసులో పెట్టకూడదు. వాటిని 20–24 డిగ్రీల మధ్య కదుపుతూ ఉంచాలి. ఎర్ర రక్తకణాలకు మాత్రం 2–6 డిగ్రీలు కావాలి.

అనుమానం ఉన్న టీకా సీసాలను డాక్టరు పారేయలేదు, వాడనూ లేదు. 'వాడొద్దు' అని రాసి విడిగా చల్లగా ఉంచారు. చేత్తో తాకి కాదు, థర్మామీటరు రీడింగు చూసి తేల్చాల్సిన సంగతి అది.

తీరంలో ఉన్న ఆసుపత్రుల వాళ్లు తుపాను కబురు వచ్చేదాకా ఆగొద్దు. సెప్టెంబరులోనే జనరేటరు మీద ఫ్రిజ్‌లన్నీ పెట్టి గంటసేపు నడిపి చూడండి.