మెత్తబడిన పెడల్

చండ్రుగొండ అడవిదారులలో కారు నడిపేవానికి వేగం కన్నా నిలుపగల శక్తి ముఖ్యం. బ్రేకు పెడల్ మెత్తబడితే కొందరు రెండు మూడుసార్లు తొక్కి, అది గట్టిపడగానే నిశ్చింతగా సాగిపోతారు. ఆ నిశ్చింతయే అపాయం.

ద్రవం ఒత్తిడికి కుంచించుకుపోదు కనుకనే పాదబలం చక్రాలకు చేరుతుంది. గొట్టాలలో గాలి చేరితే ఆ బలం గాలిని అణచడానికే వ్యయమవుతుంది. అప్పుడు గాలి తీసి, కొత్త బ్రేకు ఆయిల్ నింపాలి. నొక్కిపట్టిన పెడల్ మెల్లమెల్లగా దిగిపోతే చక్రాల వద్ద, గొట్టాల వెంట కారుడు వెదకాలి. కారుడు కానరాకుంటే మాస్టర్ సిలిండర్‌లోని రబ్బరు వాషర్లు అరిగి ఉండవచ్చు.

బ్రేకు ఆయిల్ తేమను పీల్చుకుంటుంది. 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగని డాట్-3 రకం, తేమ చేరితే 140కే మరగవచ్చు. ఆ ఆవిరియు గాలి వలెనే బలాన్ని మింగివేస్తుంది.

కారణం తెలియక ఆయిల్ మాత్రమే పోయడం చిల్లికుండలో నీరు నింపడం వంటిది. ఒక్క తొక్కుకే పెడల్ గట్టిగా నిలిచేదాకా బండి కదలరాదు.