గీత పడని కార్డు

జూన్ 19
తొలకరి పడి పది రోజులైంది. ల్యాబు బయట బెంచీ నిండా కామెర్ల పిల్లలే. ఒకే వీధి వాళ్లు నలుగురు. నలుగురికీ హెపటైటిస్ ఎ ఐజీఎం యాంటీబాడీ వచ్చింది. కళ్లు పచ్చబడేసరికే రక్తంలో ఉంటుందది. ఆ వీధి మంచినీళ్ల పైపు ఎవరైనా తవ్వి చూడాలి.

జూన్ 24
రాత్రి డ్యూటీ సిస్టర్ వేలు పట్టుకుని పరుగున వచ్చింది. హెపటైటిస్ సి ఉన్న రోగికి వాడిన సూది గుచ్చుకుందట. యాంటీబాడీ కార్డు వేశాను. కంట్రోల్ (సి) దగ్గర గీత, టెస్ట్ (టి) దగ్గర ఖాళీ.

"నెగెటివే కదా సార్" అంది, ఏడుపు ఆపుకుంటూ.

అవునని పంపేయడం తేలిక. కూర్చోబెట్టి చెప్పాను: ఇది పాత సంగతి చెప్పే కార్డు, ఇవాళ్టి సూది సంగతి దీనికి తెలీదు. యాంటీబాడీ కనపడ్డానికి మామూలుగా ఎనిమిది నుంచి పదకొండు వారాలు. వైరస్ ఆర్‌ఎన్‌ఏ అయితే ఒకటి రెండు వారాల్లోనే దొరుకుతుంది. మూడు నుంచి ఆరు వారాల మధ్య పీసీఆర్ చేద్దామన్నాను. హెపటైటిస్ బి టీకా మూడు డోసులూ వేయించుకుంది. సి కి టీకా లేదు.

జూలై 8
పసరు తాగితే కామెర్లు తగ్గాయంటున్న మనిషి. హెచ్‌బీఎస్ యాంటిజెన్ లేదు, దాని యాంటీబాడీ కూడా లేదు. ఇక్కడితో ఆపితే హెపటైటిస్ బి కాదనే అనుకుంటాం. డాక్టరమ్మ కోర్ ఐజీఎం అడిగారు. ఎలైజా ప్లేటులో అతని గుంట ఒక్కటే చిక్కటి పసుపు. యాంటిజెన్ పోయి, యాంటీబాడీ ఇంకా పైకి తేలని ఆ కొద్ది వారాల్లో సాక్ష్యం ఇదొక్కటే. పెద్దవాళ్లలో నూటికి తొంభై మందికి పైగా వాళ్లంతట వాళ్లే కోలుకుంటారు. పేరు పసరుకి పోతుంది. భార్యనీ పిల్లల్నీ తీసుకురమ్మన్నాను. పరీక్షలు చేసి టీకాలు వేయాలి.

జూలై 28
హెపటైటిస్ దినం. బరూచ్ బ్లంబర్గ్ పుట్టినరోజు. ఎన్నోసార్లు రక్తం ఎక్కించుకున్న హీమోఫీలియా రోగి సీరంలోని యాంటీబాడీయే, ఆస్ట్రేలియా ఆదివాసి రక్తంలో ఉన్న హెచ్‌బీఎస్ యాంటిజెన్‌ని ఆయనకు పట్టిచ్చింది. 1976లో నోబెల్. ఆస్ట్రేలియా యాంటిజెన్ అన్న పాత పేరు ఇప్పటికీ చీటీల మీద కనిపిస్తుంది.

ఆగస్టు 1
సిస్టర్ పీసీఆర్ రిపోర్టు వచ్చింది. ఆర్‌ఎన్‌ఏ లేదు. చేతిలో పెడితే రెండుసార్లు చదువుకుంది. నవంబరులో యాంటీబాడీ ఇంకోసారి చూడాలి. గోడ క్యాలెండర్‌లో 24 చుట్టూ సున్నా చుట్టాను.