మూడు గదులు, ఒక మీటరు

వ్యాసం పేపర్లో సంక్షేమం, సమానత్వం మీద ప్రశ్న వస్తే మనం రేషన్ కార్డుల దగ్గరో ఆధార్ దగ్గరో మొదలుపెడతాం. ఈసారి మీ గది బయట గోడకున్న కరెంటు మీటరు చూడండి.

చిక్కడపల్లిలో నేనుండే అంతస్తులో మూడు గదులు, ఒకటే మీటరు. మొన్న మేలో 360 యూనిట్లు కాలింది. ఓనరు గారి పద్ధతి తేలిక: మూడుతో భాగించడం. నా గదిలో ఉన్నవి ఫ్యాను, బల్బు, ల్యాప్‌టాప్. 75 వాట్ల ఫ్యాను రోజుకు 20 గంటలు తిరిగితే నెలకు 45 యూనిట్లు. ల్యాప్‌టాప్ ఎనిమిది గంటలకు 14, బల్బు రెండు. మొత్తం 60 అనుకోండి. ఇండక్షన్ స్టవ్ ఉన్న పక్క గదిది వంద, ఏసీ గదిది 200. మీరూ ఇలా వాట్లు, గంటలు గుణించి చూసుకోవచ్చు. (మోటారు కరెంటు కూడా మీ మీటరు మీదే ఉంటే దాన్ని గదుల లెక్కన కాదు, మనుషుల లెక్కన పంచండి. నీళ్లు వాడేది మనుషులు.)

తెలంగాణలో 2022-23లో ఖరారైన స్లాబుల ప్రకారం 200 దాటిన కనెక్షన్‌కు మొదటి 200 యూనిట్లు 5.10 రూపాయల చొప్పున, తర్వాతి వంద 7.70, ఆపై వంద 9. అంటే ఎనర్జీ చార్జీలే 2,330. తలా 777. సబ్ మీటరు పెట్టి యూనిట్ల ప్రకారం పంచితే నా వాటా 388కి తగ్గుతుంది. కానీ నాకు విడిగా మీటరుంటే 60 యూనిట్లకు పడేది 128 రూపాయల 50 పైసలే. మూడు గదులకూ మూడు మీటర్లుంటే మొత్తం 1,201.

మిగతా 1,129 ఎందుకు కడుతున్నాం? ఎవరూ దుబారా చేసినందుకు కాదు. స్లాబు మనుషుల్ని చూడదు, మీటర్ని చూస్తుంది. ముగ్గురు చిన్న వాడకందారులు దానికి ఒక్క సంపన్న ఇల్లులా కనిపిస్తారు. ఎక్కువ వాడేవాళ్ల నుంచి ఎక్కువ తీసుకోవాలని పెట్టిన ధర, మీటరు పంచుకునేవాళ్ల మీద పడుతోంది. 2024లో మొదలైన గృహజ్యోతికి పరిమితి కూడా 200 యూనిట్లే. ఒకే మీటరు మీద రెండు మూడు పేద కుటుంబాలుంటే ఆ గీత దాటడానికి ఎన్నాళ్లు పడుతుంది? ఎక్స్‌క్లూజన్ ఎర్రర్‌కు ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ నాకు దొరకలేదు.

విద్యుత్ చట్టం 2003 సెక్షన్ 43 ప్రకారం ఓనరే కాదు, అక్కడ ఉంటున్నవారు కూడా కనెక్షన్ అడగవచ్చు. ఢిల్లీ 2019లో అద్దెదారులకు ప్రీపెయిడ్ మీటర్ల పథకం తెచ్చింది. దానికి అద్దె ఒప్పందమో రసీదో కావాలి. మనలో ఎంతమందికి రసీదు ఇస్తున్నారు?

అందాకా నేను పెట్టిన ప్రతిపాదన ఇది: చౌక స్లాబు 200 యూనిట్లను ముందు గదులకు సమానంగా పంచాలి, ఎవరైనా తమ వాటా వాడకపోతే అది మిగతావాళ్లకు పోవాలి, ఖరీదైన స్లాబును వాటా దాటినవాళ్లు భరించాలి. అలాగైతే నాకు 306, స్టవ్ గదికి సుమారు 603, ఏసీ గదికి 1,421. స్టవ్ గదివాళ్లు సరేనన్నారు. ఏసీ గది అన్న కాగితం తీసుకుని, మళ్లీ లెక్కేసి చెప్తానన్నాడు.