బాపు సైకిలు, టస్కనీ తెల్లబాట

సూరత్ నగరపు లింబాయత్‌లో మరమగ్గాల షిఫ్టు మారే ఉదయవేళ వీధిలో నిలబడితే చాలు, సగం భారతదేశపు భాషలు చెవిన పడతాయి. రాత్రంతా మగ్గాల మధ్య నిలబడినవారు ఇళ్లకు మళ్లుతుంటారు. పగటి పనివారు కార్ఖానాలకు సాగుతుంటారు. మరాఠీ, ఒడియా, హిందీ పలుకుల నడుమ కరీంనగర్ తెలుగు కూడా వినిపిస్తుంది. మోటారు సైకిళ్లు ఎంత పెరిగినా, ఆ ప్రవాహంలో మామూలు సైకిలు నేటికీ కనుమరుగు కాలేదు.

తెలంగాణ పద్మశాలీలు బతుకుతెరువు వెదుక్కుంటూ దశాబ్దాలుగా ఇక్కడికి వచ్చి స్థిరపడ్డారు. మా తండ్రిగారు 1978లో సిరిసిల్ల నుంచి వచ్చారు. మీటరు లెక్కన కూలి. రోజుకు పన్నెండు గంటల పని. 1983లో ఆయన కొన్న హెర్క్యులిస్ సైకిలు మా ఇంట్లో ఇంకా ఉన్నది. మీఠీ ఖాడీ పొంగి వీధుల్లోకి నీరు వచ్చిన ప్రతిసారీ ముందుగా మంచమెక్కేది ఆ సైకిలే; తరువాతనే మేము.

అనువాదం నిమిత్తం నా చేతికి వచ్చిన ఒక వ్యాసం వల్ల ఆ సైకిలును కొత్తగా చూడవలసి వచ్చింది. ఇటలీలో, సియెనా పరిసరాల్లో, గయోలె ఇన్ కియాంటి అనే చిన్న ఊరున్నది. 1997లో జాన్‌కార్లో బ్రోచ్చి అక్కడ ‘లెరోయికా’ అనే సైకిలు యాత్రను ఆరంభించారు. ఆ పేరుకు ‘వీరోచితమైనది’ అని అర్థం. తొలి ఏడు 92 మంది పాల్గొన్నారు. ఇప్పుడు వేలమంది వస్తున్నారు. టస్కనీ కొండల్లోని తెల్లని కంకర బాటలను తారు కప్పివేయకుండా కాపాడుకోవాలన్నది ఆయన సంకల్పం. ఇందులో గెలుపు ఓటములు లేవు. దారి మధ్యలో ఆగినవారికి రొట్టె, కూరగాయల చారు, ద్రాక్షసారా ఇచ్చి సేదతీరుస్తారు.

నిబంధనలు మాత్రం కఠినం. అది 1987కు ముందు తయారైన పందెపు సైకిలై ఉండాలి. గేర్లు మార్చే మీటలు చట్రపు కింది గొట్టానికే ఉండాలి. బ్రేకు తీగలు హ్యాండిలు పైన బయటికి కనిపించాలి. పెడళ్లకు పాదాలను పట్టి ఉంచే పట్టీలుండాలి. మా హెర్క్యులిస్ వయసులో నెగ్గింది. తక్కిన అన్నింటిలోనూ ఓడింది. దానికి గేర్లు లేవు. బ్రేకులు ఇనుప కడ్డీలతో పనిచేస్తాయి. బియ్యపు మూటలు మోయడానికి పుట్టిన బండి అది.

అక్కడ పాత పందెపు సైకిళ్లు అద్దెకు దొరుకుతాయని తెలిసి, వచ్చే అక్టోబరుకు ప్రయాణం తలపెట్టాను. పొడవైన దారి 209 కిలోమీటర్లు. నేను ఎంచుకున్నది 46 కిలోమీటర్ల చిన్న దారి. షెంగెన్ వీసాకు ప్రయాణానికి ఆరు నెలల ముందు నుంచి దరఖాస్తు చేసుకోవచ్చు. కనీసం 30,000 యూరోల వైద్య బీమా తప్పనిసరి. సాధన కోసం ఆదివారాలు హెర్క్యులిస్ మీదనే డుమస్ సముద్రతీరానికి వెళ్లివస్తున్నాను. రానూ పోనూ నలభై కిలోమీటర్లు దాటుతుంది. అయితే సూరత్ బల్లపరుపు నేల. ఎత్తులు ఎక్కడం నేర్పగలవి ఇక్కడ వంతెనలొక్కటే.

ఒక సాయంత్రం ఖర్చుల లెక్క వేసుకుంటూ ఉండగా మా తండ్రిగారు అడిగారు: “గంత దూరం పోయి సైకిలు తొక్కితే ఎంతిస్తరు బిడ్డా?”

“ఏమియ్యరు బాపూ. మనమే కట్టాలె.”

ఆయన నవ్వలేదు. నాకే సిగ్గు వేసింది. కూలి కోసం ఆయన ఏళ్ల తరబడి పడిన శ్రమను నేను డబ్బిచ్చి కొనుక్కోబోతున్నాను! ఏం చెప్పాలో తోచక, ఆ తెల్లబాట ఫొటో చూపించాను. ఆయన చాలాసేపు చూశారు. “మన ఊరి బాట లెక్కనే ఉన్నది” అన్నారు.

ఆయన చెప్పిన మట్టిబాట ఇప్పుడు తారురోడ్డు. దాన్ని అలాగే ఉంచమని ఎవరూ అడగలేదు. వానాకాలంలో ఆ బురదలో సైకిలును భుజాన మోసినవారు ఎందుకు అడుగుతారు? కష్టం నుంచి బయటపడిన వారికే దాని గుర్తులను ముద్దుగా దాచుకునే తీరిక దొరుకుతుంది. ఆ తీరిక నాకు దొరికిందంటే అది ఆయన తొక్కిన పెడళ్ల వల్లనే.

మరునాడు లేచేసరికి ఆయన స్క్రూడ్రైవరుతో హెర్క్యులిస్ ముందు కూర్చుని ఉన్నారు. గంటను విప్పి, గుడ్డతో తుడిచి, నా చేతిలో పెట్టారు.

“బండిని రానియ్యకపోతే గంటనన్న తీస్కపో” అన్నారు.

నిబంధనలు మరొకసారి చదివాను. గంటకు అడ్డేమీ లేదు.