ఏసీది గంటల లెక్క, గాలిది వేగం లెక్క

విజయవాడ జవహర్ ఆటోనగర్‌లో ముందుగా కనిపించేవి లారీ బాడీలు కట్టే షెడ్లు. వెల్డింగ్ మెరుపులు, రేకుల మీద సుత్తి దెబ్బలు, పెయింటు వాసన. ఆ వరసలు దాటి లోపలికి వెళ్తే కార్ల ఏసీ పనులు చేసే షెడ్లు వస్తాయి. మే నెలలో వాటి ముందు కార్లు రోడ్డు మీద దాకా బారులు తీరి ఉంటాయి. నా పని మాత్రం రిపేరు కాదు. ఏసీ వేస్తే ఎక్కువ పెట్రోలు తాగుతుందా, అద్దాలు దించితే ఎక్కువ తాగుతుందా అని కారున్న ప్రతి ఇంట్లోనూ ఒక వాదన నడుస్తుంటుంది. రోజూ కంప్రెసర్లు విప్పే మనిషి ఏమంటాడో విందామని ఓ షెడ్డుకి వెళ్లాను.

మేస్త్రి వయసు యాభై దాటి ఉంటుంది. నేను వెళ్లేసరికి ఒక తెల్ల సెడాన్ బానెట్ ఎత్తి చూస్తున్నాడు. అది టాక్సీ. హైదరాబాద్ కిరాయిలు కొట్టే డ్రైవరు పక్కనే నిలబడి ఉన్నాడు. కూలింగ్ తగ్గిందట, మైలేజీ కూడా పడిపోయిందట.

"గ్యాస్ కొట్టెయ్యండి మేస్త్రీ, సరిపోద్ది."

"గ్యాస్ తగ్గిందని నీకెవరు చెప్పారు తమ్ముడూ? కాస్త ఆగు."

మేస్త్రి గేజులు తగిలించాడు. నీలం గొట్టం కంప్రెసర్‌లోకి వచ్చే వైపు, ఎర్ర గొట్టం కంప్రెసర్ నుంచి పోయే వైపు. ఇంజను స్టార్ట్ చేసి ఏసీ వెయ్యమన్నాడు. నన్ను దగ్గరికి పిలిచి కంప్రెసర్ ముందున్న పుల్లీ చూపించాడు. ఇంజను నడుస్తున్నంత సేపూ బెల్టుతో పాటు ఆ పుల్లీ తిరుగుతూనే ఉంటుంది, కానీ ఊరికే. ఏసీ స్విచ్ వేసినప్పుడు లోపలి అయస్కాంతం ముందున్న ప్లేటును లాగి పుల్లీకి అతికిస్తుంది. 'టక్' మని వినపడింది. డ్యాష్‌బోర్డు మీద ఆర్‌పీఎం ముల్లు ఒక్క క్షణం కిందికి జారి, మునుపటి కంటే కాస్త పైకి వెళ్లి నిలబడింది. బరువు మీద పడిందని తెలుసుకుని ఇంజను కంప్యూటరు ఇంకొంచెం పెట్రోలు పంపిందన్నమాట. "క్లచ్ పడింది. ఇక ఇది విడిచేదాకా ఇంజను మెడ మీద కూర్చున్నట్టే," అన్నాడు మేస్త్రి.

ఆ బరువు పూర్తి జోరులో మూడు కిలోవాట్ల దాకా, అంటే నాలుగు హెచ్‌పీ వరకు ఉంటుంది. 48 హెచ్‌పీ ఇంజను ఉన్న చిన్న కారుకు అది పన్నెండో వంతు. ఘాట్ రోడ్డు ఎక్కేటప్పుడు చిన్న కార్ల డ్రైవర్లు ఏసీ కట్టేసేది అందుకే.

షెడ్డులో ఒక మూల మేస్త్రి కొడుకు కూర్చుని ఉన్నాడు. మెకానికల్ ఇంజినీరింగ్ చదువుతున్నాడు, సెలవులకు వచ్చాడు. నా ప్రశ్న వినగానే కొత్త కంప్రెసర్ అట్టపెట్టె మూత చింపి, దాని మీద లెక్క మొదలుపెట్టాడు. అద్దాలు దించితే గాలి లోపలికి దూరి సుడి తిరుగుతుంది, కారును వెనక్కి లాగుతుంది. 2004లో జనరల్ మోటార్స్ ఇంజినీర్లు దీన్ని గాలి సొరంగంలో పెట్టి కొలిచారు. అద్దాలన్నీ దించితే గాలి నిరోధం సెడాన్‌కు సుమారు 20 శాతం పెరిగింది, ఎస్‌యూవీకి సుమారు 8 శాతమే. ఎస్‌యూవీ మొదటి నుంచీ గాలికి ఎదురొడ్డే ఆకారమే కాబట్టి, అద్దాలు దించినందువల్ల కొత్తగా చెడేది తక్కువ.

"ఇక్కడే ఉందండీ అసలు సంగతి," అన్నాడు కుర్రాడు. గాలిని చీల్చుకుని పోవడానికి కావలసిన శక్తి వేగం ఘనంతో పెరుగుతుంది. వేగం రెట్టింపైతే శక్తి ఎనిమిది రెట్లు కావాలి. మామూలు సెడాన్ తీసుకుని, ఆ 20 శాతానికి అయ్యే అదనపు ఖర్చు లెక్కకట్టాడు. గంటకు 60 కిలోమీటర్ల వేగంలో అది అర హెచ్‌పీ. 100లో రెండు హెచ్‌పీ పైచిలుకు. 120లో నాలుగు హెచ్‌పీకి కాస్త తక్కువ. అంటే ఏసీ పూర్తి జోరులో ఉన్నప్పుడు రెండూ సమానమయ్యేది 120 దాటాకనే.

అమెరికాలోని ఓక్ రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ వాళ్లు రోడ్డు మీదా, డైనమోమీటర్ మీదా చేసి, 2013లో ప్రచురించిన పరీక్షలు కూడా ఇదే చెప్పాయి. 2009 మోడల్ టొయోటా కరోలా, ఫోర్డ్ ఎక్స్‌ప్లోరర్ తీసుకున్నారు. ఏసీని గరిష్ఠంగా పెట్టి నడిపితే గంటకు 64 నుంచి 113 కిలోమీటర్ల మధ్య రెండు కార్లూ అద్దాలు దించినప్పటి కంటే ఎక్కువ పెట్రోలే తాగాయి. కరోలాలో సుమారు 121 దగ్గర రెండు ఖర్చులూ కలిశాయి. 129కి వచ్చేసరికి అద్దాలు దించడమే ఖరీదైంది. ఎక్స్‌ప్లోరర్‌లో 113 దాటాక కూడా ఏసీ ఖర్చే ఎక్కువ.

"మరి అందరూ ఎనభై దాటితే ఏసీయే మేలంటారేంటి?" అని డ్రైవరు అడ్డు తగిలాడు. కుర్రాడి దగ్గర దానికీ జవాబుంది. కారు లోపల ఒకసారి చల్లబడ్డాక కంప్రెసర్ అంత కష్టపడదు. క్లచ్ పడుతూ లేస్తూ ఉంటుంది. సగటున ఒకటిన్నర హెచ్‌పీకి దిగిందనుకుంటే, అద్దాల ఖర్చుతో సమానమయ్యే వేగం కూడా 85, 90కి దిగి వస్తుంది. ఎనభై అన్నవాళ్లు చల్లబడిన కారులో ఉన్నారు, నూట ఇరవై అన్నవాళ్లు మండుతున్న కారులో ఉన్నారు. ఇద్దరిదీ నిజమే.

ఈలోగా మేస్త్రి ఎర్ర గేజు చూపించాడు. ముల్లు 300 పీఎస్‌ఐ దాటింది. నీలం గేజు కూడా ఉండాల్సిన దానికంటే పైనే ఉంది. గ్యాస్ తగ్గితే రెండూ కిందికి పోవాలి. "చూశావా తమ్ముడూ, గ్యాస్ కొడితే ఇంకా చెడిపోయేది," అంటూ బంపరు విప్పాడు. గ్రిల్ వెనక సన్న కన్నాల ఆకుపచ్చ దోమతెర కట్టి ఉంది. రాత్రి ప్రయాణాల్లో పురుగులు లోపలికి పోకుండా డ్రైవరు కట్టుకున్నాడు. దాని మీద రెక్కల పురుగులు, ఊక, ఎర్రదుమ్ము అట్టకట్టి ఉన్నాయి. తెర తీసేస్తే కండెన్సర్ రేకుల మధ్య ఇంకో పొర. కండెన్సర్ పని లోపలి వేడిని బయటి గాలికి వదలడం. గాలే ఆడకపోతే వేడి ఎక్కడికి పోతుంది? ఒత్తిడి పెరుగుతుంది, కంప్రెసర్ మీద బరువు పెరుగుతుంది. కారులో ఎంతకీ చల్లబడదు కాబట్టి క్లచ్ విడవదు. ఇంజను మీద నాలుగు హెచ్‌పీ పొద్దస్తమానం కూర్చునే ఉంటుంది.

షెడ్డులో పనిచేసే కుర్రవాళ్లు లోపలి వైపు నుంచి సన్నటి ధారతో నీళ్లు కొట్టారు. ప్రెషర్ గన్ పెడితే రేకులు వంగిపోతాయని మేస్త్రి దగ్గరుండి చూశాడు. బురద నీళ్లు పోయి తేట నీళ్లు వచ్చేదాకా కడిగి, మళ్లీ గేజులు పెడితే ఎర్ర ముల్లు 250 దగ్గర ఆగింది. కాసేపటికి క్లచ్ తనంతట తానే విడిచింది. మళ్లీ పడింది, మళ్లీ విడిచింది. గ్యాస్ ఒక్క గ్రాము కూడా పొయ్యలేదు.

"ఏ వేగంలో అద్దాలెత్తాలని అడుగుతారు గానీ సార్, క్లచ్ ఎంతసేపు పడి ఉంటోందో ఎవరూ అడగరు," అన్నాడు మేస్త్రి. డ్రైవరుకు ఆయన చెప్పిన జాగ్రత్తలు చిన్నవే. ఎండలో నిలిపిన కారు ఎక్కగానే అద్దాలు దించి కొంత దూరం నడిపి, కొలిమిలాంటి గాలి బయటికి పోయాక ఏసీ వెయ్యాలి. చల్లబడ్డాక లోపలి గాలే తిరిగే బటన్ నొక్కాలి. బయటి 44 డిగ్రీల గాలిని చల్లబరచడం కంటే లోపలి 28 డిగ్రీల గాలిని చల్లబరచడం కంప్రెసర్‌కు తేలిక. ఏడాదికోసారి కండెన్సర్ కడిగించాలి. దోమతెర మళ్లీ కట్టకూడదు.

డ్రైవరు బాధ మాత్రం వేరే ఉంది. హైవే మీద తనకు ఇబ్బంది లేదట, హైదరాబాద్ లోపలికి వచ్చాకే నష్టమట. కుర్రాడి అట్టముక్క మీద ఆ లెక్కా తేలింది. ఏసీ పెట్రోలు తాగేది గంటల లెక్కన. గంటకు అర లీటరు అనుకుందాం. హైవే మీద గంటకు 100 చొప్పున పోతే వంద కిలోమీటర్లకు అర లీటరు. సిటీ ట్రాఫిక్‌లో గంటకు 20 చొప్పున ఈడిస్తే అదే వంద కిలోమీటర్లకు రెండున్నర లీటర్లు. తీవ్రమైన ఎండల్లో, ముఖ్యంగా దగ్గరి ప్రయాణాల్లో, ఏసీ వల్ల మైలేజీ 25 శాతానికి పైగా పడిపోవచ్చని అమెరికా ఇంధన శాఖ కూడా తన వాహనదారులకు చెబుతుంది. సిటీలో ఆ 20 వేగంలో అద్దాలు దించితే పెట్రోలు పరంగా ఖర్చేమీ లేదు. కానీ మే నెల మధ్యాహ్నం లారీ పొగల నడుమ అద్దాలు దించుకుని కూర్చోమని ఏ ప్రయాణికుడికి చెప్పగలం?

2024 ఏప్రిల్‌లో హైదరాబాద్ క్యాబ్ డ్రైవర్లు 'నో ఏసీ' అంటూ ఉద్యమం చేసినప్పుడు చాలామంది అది మొండితనం అనుకున్నారు. ఈ షెడ్డులో లెక్క చూశాక నాకలా అనిపించలేదు. కిరాయిలో పెద్ద భాగం కిలోమీటర్ల మీద కడతారు, ఏసీ పెట్రోలు గంటల మీద కాలుతుంది. సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు కిలోమీటర్లు ఆగిపోతాయి, కంప్రెసర్ ఆగదు. వేసవిలో ఏసీకి గంటల చొప్పున ఎంతో కొంత కట్టే పద్ధతి కిరాయిలోనే ఉంటే డ్రైవరూ ప్రయాణికుడూ ఆ స్విచ్ కోసం పోట్లాడుకునే అవసరం ఉండదు.