బెల్లం, తుప్పు మేకులు, ఒక గీత

బొమ్మలు వేసి బతికేవాళ్ళకు ఒక ఇబ్బంది ఉంది. ఏం పని చేస్తారని ఎవరైనా అడిగితే ఒక్క మాటలో చెప్పడం కుదరదు. చిత్రకారిణినంటే ఎదుటివారి కళ్ళ ముందు తైలవర్ణచిత్రాలూ ప్రదర్శనశాలలూ మెదులుతాయి. నేను చేసేది అది కాదు. పిల్లల కథల పుస్తకాలకు బొమ్మలు, పాఠ్యపుస్తకంలో కప్ప జీవితచక్రం, ఊరగాయ సీసా మీద మామిడికొమ్మ, శుభలేఖ మీద పల్లకీ, ఇలా ఎవరు ఏది అడిగితే అది వేసిపెడతాను. ఏ సంస్థలోనూ ఉద్యోగం లేదు కనుక నెల జీతమూ లేదు. పని ఉన్న నెలలో నిద్రకు తీరిక ఉండదు, పని లేని నెలలో నిద్ర పట్టదు.

ఈ పనంతా చాలా ఏళ్ళుగా కంప్యూటరు మీదే సాగుతోంది. పలక లాంటి టాబ్లెట్ మీద ప్లాస్టిక్ కలంతో గీస్తే తెర మీద గీత పడుతుంది. నచ్చకపోతే రెండు మీటలు నొక్కగానే ఆ గీత లేకుండా పోతుంది. ఎరుపు నీలం కావాలంటే అరక్షణం చాలు. ఈ సౌకర్యాన్ని నేను తిట్టబోవడం లేదు. నా అద్దె కడుతున్నదీ, రాత్రి పదకొండింటికి సంపాదకులు ఫోన్ చేసి "ఆ ఏనుగును కాస్త ఎడమకు జరపగలరా" అన్నప్పుడు నన్ను ఆదుకుంటున్నదీ అదే. అయితే రోజంతా వేళ్ళ కింద ఒకే నున్నటి ప్లాస్టిక్ తగులుతూ ఉంటే చేతికి ఒక రకమైన ఆకలి పుడుతుంది. ఆ ఆకలి తీర్చుకోవడానికి ఆదివారాలు ఇంట్లో ఏవో చిన్న చిన్న చేతిపనులు మొదలుపెట్టాను. బెండకాయను అడ్డంగా కోసి రంగులో అద్ది కాగితం మీద పువ్వులు ముద్రించడం, చింతగింజల పిండి ఉడికించి ఆ బంకతో నోటుపుస్తకాలు కుట్టి అట్టలు అతికించడం, పాత వార్తాపత్రికలు నానబెట్టి రుబ్బి కాగితం చేయడం వంటివన్నమాట. నా కాగితం అప్పడంలా వచ్చిందని మా అమ్మ అంది. నాకు మాత్రం అది మహా అందంగా కనిపించింది.

ఈ వరుసలో చివరిగా వచ్చి, నాలో ఎక్కువకాలం నిలిచిపోయింది కలంకారీ.

కలంకారీ అన్నది పారసీక మాట. కలంతో చేసే పని అని అర్థం. శ్రీకాళహస్తిలో దీనికి మన సొంత పేరే ఉంది, వ్రాతపని. మచిలీపట్నం పక్కన పెడనలో చెక్క అచ్చులతో చేసేది అద్దకం. రెండింటినీ బజారులో ఒకే పేరుతో పిలుస్తున్నా, రెండూ వేర్వేరు విద్యలు. రెండింటికీ విడివిడిగా భౌగోళిక గుర్తింపు కూడా ఉంది. వ్రాతపనిలో అచ్చు ఉండదు. గీసిన ప్రతి గీతా చేతి గీతే. రామాయణాన్నో భారతాన్నో గళ్ళు గళ్ళుగా చిత్రించి, కథను తెలుగులో బొమ్మల పక్కనే రాసిన పాత బట్టలు చూసినప్పుడు నాకు మొదట తట్టిన మాట, "వీళ్ళు నా వృత్తివాళ్ళు" అని. కథకు బొమ్మ వేయడమే కదా నా పని కూడా.

2022 వేసవిలో శ్రీకాళహస్తి వెళ్ళి ఒక పనివారింట్లో నాలుగు రోజులు కూర్చుని చూశాను. ఆ పెద్దాయన నాతో ఎక్కువ మాట్లాడలేదు. నేను కాగితాల మీద గబగబా రాసుకోవడం చూసి, "రాసుకునేది తర్వాత రాసుకుందువులేమ్మా, ముందు ఈ బట్టను ముట్టుకుని చూడు" అన్నారు. ముట్టుకుంటే పచ్చిగా, కాస్త జిడ్డుగా ఉంది. అసలు రహస్యమంతా ఆ జిడ్డులోనే ఉందని ఇంటికి వచ్చాక గానీ నాకు పూర్తిగా బోధపడలేదు.

పని ఇలా సాగుతుంది. నూలుబట్టను ఉతికి గంజి వదిలిస్తారు. కరక్కాయల పొడి కలిపిన గేదె పాలలో నానబెట్టి, పిండి, ఎండలో ఆరబెడతారు. చింతపుల్లలను కాల్చి చేసిన బొగ్గుతో బొమ్మను లీలగా గీసుకుంటారు. తర్వాత వెదురుపుల్లను చెక్కి, మొన వదిలి దానిపైన గుడ్డో ఉన్నో చుట్టి, దారంతో బిగించి చేసిన కలాన్ని నల్లరంగులో ముంచి అసలు గీత గీస్తారు. చుట్టిన గుడ్డ రంగును పీల్చి పట్టుకుంటుంది. వేళ్ళతో మెల్లగా నొక్కితే మొనలోంచి జారుతుంది. ఎంత నొక్కితే ఎంత జారుతుందన్నది ఏ పుస్తకంలోనూ ఉండదు, వేళ్ళకే తెలియాలి.

ఆ నల్లరంగు పేరు కసిం. కుండలో నీళ్ళు, బెల్లం, తుప్పు పట్టిన ఇనుప ముక్కలు వేసి రెండు మూడు వారాలు పులియనిస్తే తయారవుతుంది. నేను ఇంటికి వచ్చి ఈ ప్రయోగమే మొదట చేశాను. పాత ఇనుప సామాన్ల కొట్లో మేకులు, బేగంబజారులో కరక్కాయలు, కిరాణా కొట్లో బెల్లం దొరికాయి. నా మేడ మీది వంటగదిలో వారం తిరిగేసరికి వాసన మొదలైంది. "ఇదేమిటే, ఇల్లంతా కుడితి కంపు! బొమ్మలు వేస్తున్నావా, గేదెల్ని పెంచుతున్నావా?" అని అమ్మ కుండను గదిలోంచి డాబా మీదికి బదిలీ చేసింది. పద్దెనిమిదో రోజున వడకట్టి చూస్తే సీసాలోకి దిగినది నలుపే కాదు. పలచటి టీ నీళ్ళలా ఉంది.

అసలు విశేషం ఇక్కడే ఉంది. ఆ నీళ్ళలో కలం ముంచి, కరక్కాయ పట్టించిన బట్ట మీద గీత గీశాను. గీత మొదట బూడిదరంగులో పడింది. నేను చూస్తూ ఉండగానే నల్లబడింది. ఇందులో మంత్రం ఏమీ లేదు. పులిసిన బెల్లంలోని ఆమ్లం ఇనుమును కరిగించుకుంటుంది. ఆ ఇనుము కరక్కాయలోని టానిన్‌ను కలిసినప్పుడు నలుపు పుడుతుంది. అంటే నలుపు సీసాలోనూ లేదు, బట్టలోనూ లేదు. రెండూ కలిసిన చోట మాత్రమే ఉంది. ఐరోపాలో శతాబ్దాలపాటు గ్రంథాలు రాసిన ఇనుప సిరా కూడా ఈ సూత్రం మీదే తయారైంది. కారణం తెలిసినా ఆశ్చర్యం తగ్గలేదు. ఇన్నేళ్ళుగా నేను తెర మీద ఎంచుకున్న నలుపు ఎప్పుడూ సిద్ధంగా ఉన్న నలుపే. పుడుతున్న నలుపును చూడటం అదే మొదలు.

తర్వాత రెండు బట్ట ముక్కలు తీసుకున్నాను. ఒకదానికి కరక్కాయ నీళ్ళు మాత్రమే పట్టించాను, రెండోదానికి పాలు కూడా. రెండింటి మీదా ఒకే నెమలిని గీశాను. మొదటి నెమలి ఈకలన్నీ అలుక్కుపోయి తడిసిన కోడిలా తేలింది. రెండోదాని మీద గీత గీసినచోటే నిలిచింది. పాలలోని కొవ్వు రంగును పాకనివ్వకుండా పట్టి ఉంచింది. ఆ పెద్దాయన ముట్టుకోమన్న జిడ్డు ఇదే.

ఎరుపుది మరో కథ. పటిక నీళ్ళకు రంగు లేదు. ఎక్కడ ఎరుపు రావాలో అక్కడ పటిక నీళ్ళు పూసి, ఆరబెట్టి, తర్వాత చిరివేరో మంజిష్ఠో వేసిన నీళ్ళలో బట్టను ఉడికిస్తే, పటిక తగిలినచోట ఎరుపు గట్టిగా పట్టుకుంటుంది. మిగిలిన చోట్ల అంటిన లేత మరకను ఉతికి, ఎండలో ఆరవేసి వదిలించాలి. పసుపుకు కరకపువ్వు, నీలానికి నీలిమందు ఉన్నాయి. ప్రతి రంగుకూ ఉతుకు, ఎండ, మళ్ళీ ఉతుకు. పెద్ద బట్టకు వారాలు పడుతుంది, ఒక్కోసారి నెలలు. నా జేబురుమాలంత ముక్కకే ఐదు ఆదివారాలు పట్టింది.

ఈ ఐదు ఆదివారాల తర్వాత, ఆ ఏడాది దసరాకు ముందు, ఒక పని వచ్చింది. పండుగ బహుమతులు తయారుచేసి పెద్ద కంపెనీలకు అమ్మే ఒక సంస్థ వాళ్ళు. పన్నెండు బొమ్మలు కావాలన్నారు. గుడ్డ సంచుల మీద, పెట్టెల మీద ముద్రిస్తారట. "మేడం, బట్ట మీద వేయనక్కర్లేదు. కంప్యూటర్‌లోనే చేసేయండి. కలంకారీ లుక్ వస్తే చాలు" అన్నాడు ఫోన్‌లో ఆ అబ్బాయి, చాలా మర్యాదగా. ఇస్తామన్న మొత్తం నాకు మూడు నెలల ఇంటి అద్దె. ఒప్పుకున్నట్టే మాట్లాడాను. ఆ తర్వాత నమూనా పెట్టె ఫొటో పంపించారు. సంచికి కట్టిన చిన్న చీటీ మీద, కళాకారుల చేతుల మీదుగా సంప్రదాయ సహజరంగులతో తయారైన అసలైన కలంకారీ అన్న అర్థం వచ్చే మాటలున్నాయి.

బొమ్మ కంప్యూటరులో పుడుతుంది, ముద్రణ యంత్రంలో జరుగుతుంది. అందులో కరక్కాయ లేదు, పాలు లేవు, ఎండ లేదు. ఆ చీటీ ఒకటి మారిస్తే చాలని రాశాను. "కలంకారీ శైలిలో గీసిన బొమ్మలు, యంత్రముద్రణ" అని వేయమన్నాను. నా పేరు వేయకపోయినా ఫరవాలేదన్నాను. చీటీ తమ మార్కెటింగ్ విభాగం చూసుకుంటుందనీ, నేను బొమ్మలు ఇస్తే చాలనీ జవాబు వచ్చింది. రెండు రోజులు ఆలోచించి ఆ పని వదిలేశాను. ఆ దీపావళికి మా ఇంట్లో కొత్తబట్టలు లేవు. అమ్మ ఏమీ అనలేదు. అననిదే ఎక్కువ వినిపించింది.

ఈ సంగతి విని నాలాగే బొమ్మలు వేసే మిత్రుడొకడు నన్ను గట్టిగానే నిలదీశాడు. "మనం ఎప్పుడు అరువు తెచ్చుకోలేదు? పిల్లల పుస్తకానికి చేర్యాల పటంలా వేయమంటే వేయలేదా? శైలి మీద ఎవరికి పట్టా ఉంది?" అన్నాడు. అతని ప్రశ్న న్యాయమైనదే. శైలులు చేతులు మారుతూనే బతుకుతాయి. అసలు చేతిపని యంత్రంలోకి వెళ్ళడమే తప్పని నేననుకోను. బాపు చేతిరాత కంప్యూటరు అక్షరాలుగా మారి లెక్కలేనన్ని శుభలేఖల మీద, పుస్తకాల అట్టల మీద కనిపించలేదా? ఆ అక్షరాలను ఇప్పటికీ ఆయన పేరుతోనే పిలుచుకుంటాం. వడ్డాది పాపయ్య బొమ్మలు వేల ప్రతులుగా అచ్చయి ఇంటింటికీ వెళ్ళాయి. ప్రతి బొమ్మ మీదా మూల "వపా" అన్న సంతకం ఉండేది. అచ్చువల్ల ఆ చేతికి నష్టం జరగలేదు, ఖ్యాతి పెరిగింది. ఎందుకంటే అది అచ్చు అని కొన్నవాడికి తెలుసు, గీసినది ఎవరో కూడా తెలుసు.

వ్రాతపనివారి బట్టల మీద ఎక్కువగా సంతకాలు ఉండవు. వాళ్ళ సంతకం వాళ్ళ పద్ధతే. జొన్నలగడ్డ గుర్రప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ వచ్చింది కనుక ఆ ఒక్క పేరైనా కొందరికి తెలుసు. మిగిలినవారికి ఉన్నదల్లా "ఇది చేత్తో చేసింది" అన్న ఒక్క వాక్యం. ఆ వాక్యానికే కొనేవాడు నాలుగు రూపాయలు ఎక్కువ ఇస్తాడు. ఆ నాలుగు రూపాయలే వాళ్ళ ఎండకూ, ఉతుకుకూ, ఎదురుచూపుకూ వచ్చే కూలి. ఆ వాక్యాన్ని యంత్రం సంచికి కట్టినప్పుడు శైలి అరువు తెచ్చుకున్నట్టు కాదు, కూలి ఎత్తుకుపోయినట్టు. కసిం కుండ మీద పద్దెనిమిది రోజులు కూర్చోకపోతే ఈ తేడా నాకు మాటల్లో తెలిసేదేమో గానీ, మూడు నెలల అద్దెను వదులుకునేంతగా తెలిసేది కాదు.

నేను వ్రాతపనివారిని కాలేదు, కాబోను కూడా. ఐదు ఆదివారాలకు అబ్బే విద్య కాదది. నా బతుకు టాబ్లెట్ మీదే. కాకపోతే చేసే పనిలో రెండు మార్పులు వచ్చాయి. ఒకటి, గీత గీసేముందు కాస్త ఆగుతున్నాను. చెరిపే సదుపాయం ఉందని తెలిసినా, లేదన్నట్టు గీస్తే బొమ్మలో బిగువు వస్తోంది. రెండోది, నా బిల్లు అడుగున ఒక వరుస చేర్చాను. బొమ్మ దేనితో చేశానో, ఏ సంప్రదాయాన్ని చూసి నేర్చుకున్నానో, చేత్తో చేసిన భాగం ఎంతో అందులో రాస్తాను. అచ్చులో ఆ వివరం మార్చి వేయరాదని కూడా రాస్తాను. కొందరు చదవకుండానే సంతకం పెడతారు. ఇద్దరు మాత్రం ఫోన్ చేసి ఇదేమిటని అడిగారు. అందులో ఒకరు పిల్లల పుస్తకాల ప్రచురణకర్త. విషయం విని, "అయితే ఈ పుస్తకం చివర ఆ బట్ట ఎలా తయారవుతుందో రెండు పేజీలు మీరే వేసి ఇవ్వండి" అన్నారు. డబ్బు పెద్దగా రాలేదు గానీ, ఆ రెండు పేజీల్లో గేదె పాలు, కరక్కాయలు, తుప్పు మేకులు అన్నీ వరుసగా ఉన్నాయి. పక్కింటి పిల్ల ఆ పేజీ చదివి, మేకులకు బెల్లం ఎందుకు పెడతారని వాళ్ళ నాన్నను మూడు రోజులు వేధించిందట.

ఇప్పుడు డాబా మీద రెండో కుండ ఉంది. ఈసారి తాటిబెల్లం కూడా కలిపాను. మూత మీద అమ్మ ఒక రాయి పెట్టింది, పిల్లి దూరకుండా. నాకు చెప్పకుండానే పెట్టింది.