ముప్పై రెండో సెకను

సాస్తి ఓపెన్‌కాస్ట్ గని దగ్గర మాది చిన్న లారీ ఆఫీసు. డ్రైవర్లలో చాలామంది మంచిర్యాల, ఆసిఫాబాద్ వైపు వాళ్లు. సాస్తి ఉన్న రాజూరా తాలూకా ఇప్పుడు మహారాష్ట్రదైనా, 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే కాబట్టి ఇక్కడ తెలుగు పరాయిది కాదు. ఫోనెత్తితే ముందు వినిపించేది ‘అన్నా’ అనే పిలుపే.

ల్యాండ్‌లైన్ తీసేసి ఫైబర్ మీద నడిచే ఫోన్లు పెట్టాం. మూలన పాత కంప్యూటర్లో కాల్స్ కలిపే ఆస్టరిస్క్ సాఫ్ట్‌వేర్, టేబుళ్ల మీద ఐపీ ఫోన్లు. కొన్నాళ్లకే రెండు జబ్బులు పట్టుకున్నాయి. బయటి నుంచి వచ్చిన కాల్ అర నిమిషం దాటగానే తెగేది. మధ్యాహ్నం పూట మా మాట అవతలివాళ్లకు ముక్కలుముక్కలుగా వినపడేది, వాళ్లది మాత్రం మాకు స్పష్టంగా ఉండేది. లైన్ ఇచ్చినవాళ్లు వచ్చి, స్పీడ్ చూపించి, ఇంకా పెద్ద ప్లాన్ తీసుకోమని చెప్పి వెళ్లారు.

ఆ వానాకాలం వర్ధా పొంగి బల్లార్‌పూర్ వంతెన మీద రాకపోకలు ఆపేశారు. సాయంత్రం ఒక డ్రైవర్ చేశాడు. “అన్నా, నీళ్లు టైర్ల దాంక వచ్చినయ్, బండి ఎటు తిప్పాలె...” తెగింది. మళ్లీ చేశాడు, మళ్లీ తెగింది. మా సెల్ నుంచి చేసేసరికి అతని ఫోన్ ఆగిపోయింది. అతని భార్య రాత్రంతా ఆఫీసు అరుగు మీదే కూర్చుంది. ఏదో ఒకటి చెప్పమని అడిగేది, చెప్పడానికి మా దగ్గర ఏమీ లేదు. తెల్లారాక వేరేవాళ్ల ఫోన్ నుంచి చేశాడు, క్షేమమే.

ఆ తర్వాత ఆస్టరిస్క్ లాగ్ ముందు కూర్చున్నాను. మేం ఫోనెత్తగానే మా సర్వర్ ‘200 ఓకే’ పంపుతుంది. అవతలి నుంచి అది అందిందనే ‘ఏసీకే’ రావాలి. అది రాదు. మాది మళ్లీ మళ్లీ పంపి, 32 సెకన్లకు కాల్ ముగించేస్తుంది. ఇలాంటి ఫోన్లు కాల్ కలపడానికి వాడే సిప్ పద్ధతిలో ఆ గడువు రాసే ఉంది. రౌటర్లోని ‘సిప్ ఏఎల్‌జీ’ అనే సదుపాయం సాయం చేస్తున్నానంటూ సిప్ మెసేజ్‌ల్లోని చిరునామాలు తప్పుగా మార్చేస్తోంది. దాన్ని ఆపి, మా బయటి ఐపీ అడ్రస్‌ను ఆస్టరిస్క్‌లో రాశాక కాల్ తెగడం ఆగింది.

ముక్కల సంగతి వేరు. మాటను డేటాగా మార్చే జీ.711 పద్ధతిలో ఒక కాల్‌కు ఒక వైపు 100 కేబీపీఎస్ కూడా పట్టదు, కాబట్టి పెద్ద ప్లాన్‌తో పని లేదు. మాట 20 మిల్లీసెకన్లకొక ప్యాకెట్‌గా, సెకనుకు 50 వెళ్లాలి. మధ్యాహ్నం కాంటా చీటీల ఫొటోలు, కెమెరా రికార్డింగులు ఒక్కసారే అప్‌లోడ్ అయ్యేవి. కాంటా దగ్గర లారీల వెనక చిక్కుకున్న అంబులెన్స్ గతే మాటకూ పట్టేది. ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ వేసిన చిన్న రౌటర్ పెట్టి, అప్‌లోడ్‌ను అసలు వేగం కన్నా కాస్త తక్కువకు కట్టేశాను. అప్పుడు క్యూ మా పెట్టెలోనే ఏర్పడుతుంది, మాటను ముందుకు పంపే అధికారం మనదవుతుంది. కరెంటు పోయినా ఫోన్లు ఆగకుండా రౌటర్‌కూ ఫైబర్ డబ్బాకూ ఇన్వర్టర్ కలిపాం.

ఏఎల్‌జీని ఆపాలని, అప్‌లోడ్‌ను కాస్త కట్టేయాలని ఫోన్లు అమ్మేవాళ్లు మొదటిరోజే చెప్పి తీరాలి. ఇప్పుడు వానలకు ముందు, అప్‌లోడ్ నిండా నడుస్తుండగా ప్రతి ఫోన్‌లోనూ బయటి నుంచి కాల్ చేయించి, ఐదు నిమిషాలు మాట్లాడి చూస్తాను. ఏఎల్‌జీ కూడా చూస్తాను. రౌటర్‌కు అప్‌డేట్ వచ్చినప్పుడు అది ఒక్కోసారి మళ్లీ ఆన్ అయి కూర్చుంటుంది.